ఎవరి భాష దేశానికి భాష? ఆసియా జాతీయవాదాలు దారులు మారిన చోటు

ఇండోనేషియాలో ఎక్కువమందికి మాతృభాష జావనీస్. స్వాతంత్ర్యం వచ్చేనాటికి జనాభాలో 40 శాతానికి పైగా అది మాట్లాడేవాళ్లే. రాజధాని ఉన్నది వాళ్ల జావా దీవిలోనే, చదువుకున్నవాళ్లలో పెద్ద భాగం అక్కడివాళ్లే, వెయ్యేళ్ల సాహిత్యం కూడా ఉంది. ఇన్ని ఉన్నా ఆ దేశానికి జాతీయ భాష అయింది మాత్రం మలయ్. అప్పట్లో అది మాతృభాషగా ఉన్నవాళ్లు నూటికి అయిదుగురి దరిదాపుల్లో ఉండేవాళ్లు. అందరికన్నా పెద్ద వర్గం తన భాషను పక్కన పెట్టి, చిన్న వర్గం భాషను దేశం కోసం ఒప్పుకోవడం ఎంత అరుదో తెలియాలంటే దాని పక్కన సిలోన్‌నూ (ఇప్పటి శ్రీలంక) పాకిస్తాన్‌నూ బర్మానూ (ఇప్పటి మయన్మార్) పెట్టి చూడాలి.

ఆసియా జాతీయవాదం గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా స్వాతంత్ర్యం వచ్చిన రోజు దగ్గర ఆగిపోతాం. అప్పటిదాకా కథలన్నీ ఒకేలా ఉంటాయి కూడా: డచ్చివాడో ఇంగ్లీషువాడో ఉన్నాడు, వాణ్ని పొమ్మనాలి, అందులో ఎవరికీ తేడా లేదు. అసలు తేడా మర్నాటి నుంచి మొదలవుతుంది. కోర్టులో తీర్పు ఏ భాషలో చదువుతారు, గుమాస్తా ఉద్యోగానికి పరీక్ష ఏ భాషలో పెడతారు, పిల్లాడు ఏ భాషలో చదివితే బాగుపడతాడు? వినడానికి చిన్న ప్రశ్నలే. కానీ వీటికి మొదటి పది పదిహేనేళ్లలో ఇచ్చిన జవాబులే ఆ తర్వాత యాభై ఏళ్ల రాజకీయాన్ని చాలావరకు నిర్ణయించాయి.

1928 అక్టోబర్ 28న బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, వేర్వేరు దీవుల యువజన సంఘాలు కలిసి ఒక ప్రమాణం చేశాయి. ఒక నేల, ఒక జాతి, కలిపి ఉంచే భాషగా ఇండోనేషియా భాష. అప్పటికి ఇండోనేషియా అనే దేశమే లేదు. మలయ్‌కి ఆ పేరు పెట్టుకున్నది వీళ్లే, అది కూడా డచ్ చదువులు చదివి, డచ్‌లో మాట్లాడటమే ఎక్కువ అలవాటైన కుర్రాళ్లు. మలయ్‌ను ఎందుకు ఎంచుకున్నారంటే అది అప్పటికే రేవుల్లో, సంతల్లో, పడవల మీద అందరూ ఎంతో కొంత మాట్లాడే భాష. డచ్ ప్రభుత్వం కూడా కింది స్థాయి పాలనలో దాన్నే వాడేది. ఇంకో కారణం జావనీస్‌లోనే ఉంది. మనకు నువ్వు, మీరు అన్న తేడా ఉంది కదా, అక్కడ ఆ తేడా సర్వనామాలతో ఆగదు. ఎదుటివాడి హోదాను బట్టి తినడం, వెళ్లడం, ఇల్లు లాంటి మామూలు మాటలే పూర్తిగా మారిపోతాయి. ఒకరి ముందు ఒకరు సమానంగా నిలబడాలనుకున్న ఉద్యమానికి, నోరు తెరవగానే ఎవరు పెద్ద ఎవరు చిన్న అని తేల్చే భాష ఇబ్బందే. మలయ్‌లో ఆ బరువు తక్కువ.

తర్వాత జపాన్ ఆక్రమణ వచ్చింది. 1942 నుంచి 1945 దాకా డచ్ భాషను నిషేధించారు, దాంతో ఆఫీసుల్లోకి, బడుల్లోకి ఇండోనేషియా భాష ఒక్కసారిగా వచ్చేసింది. 1945 ఆగస్టు 17న సుకర్ణో, హట్టా స్వాతంత్ర్యం ప్రకటించారు. మర్నాడే ఇంకో పెద్ద నిర్ణయం జరిగింది, దీని గురించి మన దగ్గర చెప్పుకునేది చాలా తక్కువ. రాజ్యాంగ పీఠిక చిత్తుప్రతిలో ముస్లింలు షరియా పాటించాలన్న మాట ఉండేది, వాళ్ల భాషలో సరిగ్గా ఏడు పదాలు. తూర్పు దీవుల్లోని క్రైస్తవులు దీనికి ఒప్పుకోరని తెలిసి, ఆగస్టు 18న ఆ ఏడు పదాలూ తీసేశారు. జనాభాలో నూటికి 85 మందికి పైగా ముస్లింలున్న దేశమది. మొదట భాష విషయంలో, తర్వాత మతం విషయంలో, పెద్ద వర్గం రెండుసార్లు తగ్గింది.

అలాగని ఇండోనేషియాను ఆదర్శ దేశంగా చూపిస్తే అబద్ధమవుతుంది. 1965-66లో కమ్యూనిస్టులన్న పేరుతో కనీసం 5 లక్షల మందిని చంపేశారు. భాష సమస్య తీర్చుకున్నంత మాత్రాన అధికార దాహం తీరదు. ఆ తర్వాత పగ్గాలు పట్టిన సైనిక అధికారి సుహార్తో పాలనలో చైనా మూలాలున్నవాళ్ల పండుగలు, అక్షరాలు బయట కనపడటానికి వీల్లేకుండా పోయింది. ఆ ఆంక్షలను 2000లో గానీ ఎత్తేయలేదు. ఇక తూర్పు తైమూర్. 1928 ప్రమాణంలో పాలు లేని, పోర్చుగీసు కింద ఉన్న ఆ నేలను 1975లో సైన్యంతో వెళ్లి ఆక్రమించారు, 1999లో ఓటు అడిగితే 78.5 శాతం మంది విడిపోతామన్నారు. తామే ఒప్పుకుని చేరినవాళ్లు చాలావరకు నిలిచారు, తుపాకీతో చేర్చుకున్నవాళ్లు నిలవలేదు. 1998లో సుహార్తో పడిపోయాక దేశం ముక్కలవుతుందని చాలామంది భయపడ్డారు, అది జరగలేదు. 1999లో చేసిన చట్టాలతో అధికారాన్ని, డబ్బును నేరుగా జిల్లాలకు ఇచ్చారు, ఆచే ప్రాంతంతో 2005లో ఒప్పందం చేసుకుని అక్కడ స్థానిక పార్టీలకు చోటిచ్చారు. అక్కడ కూడా పని చేసింది తగ్గడమే.

ఇప్పుడు సిలోన్ సంగతి. ఇది చదివినప్పుడల్లా బాధ కలుగుతుంది, ఎందుకంటే మొదట్లో అక్కడి డిమాండ్ పూర్తిగా న్యాయమైనది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఇంగ్లీషు తెలిసినవాళ్లు పదిమందిలో ఒకరు కూడా లేరు, కానీ పాలన అంతా ఇంగ్లీషే. పల్లెటూరి రైతు తన కేసులో తనకే అర్థంకాని భాషలో తీర్పు వినాల్సి వచ్చేది. సింహళ మీడియంలో చదివిన టీచరుకి, నాటు వైద్యుడికి, కుర్రాడికి పైకి వెళ్లే దారి మూసుకుపోయింది. అందుకే స్వభాష ఉద్యమం పుట్టింది. స్వభాష అంటే సింహళం, తమిళం రెండూ. 1944లో జె.ఆర్. జయవర్ధనే చట్టసభలో సింహళం కోసం తీర్మానం పెడితే, దానికి తమిళాన్ని కూడా చేర్చి ఆమోదించారు. ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకే 1951లో పెట్టిన శ్రీలంక ఫ్రీడం పార్టీ కూడా మొదట రెండు భాషలనే అంది.

మరి ఆ రెండు ఒకటెలా అయింది? సింహళీయులు జనాభాలో 70 శాతం. రెండు పెద్ద పార్టీలకీ కావలసింది వాళ్ల ఓట్లే. 1955 డిసెంబర్‌లో ఫ్రీడం పార్టీ సింహళం మాత్రమే అనేసింది. రెండు నెలలకే, అంతవరకు రెండు భాషలన్న యునైటెడ్ నేషనల్ పార్టీ కూడా అదే పాట ఎత్తుకుంది. ఒకే ఓటరు కోసం రెండు పార్టీల వేలంపాట అది; పాట పెరిగేకొద్దీ ధర కట్టింది ఆ పాటలో లేని తమిళులు. బుద్ధుడి పరినిర్వాణానికి 2500 ఏళ్లు నిండిన ఉత్సవాలు కూడా 1956లోనే కావడంతో ఊపు ఇంకా పెరిగింది. 1956 ఏప్రిల్ ఎన్నికల్లో బండారనాయకే కూటమికి 95లో 51 సీట్లు వచ్చాయి, అధికారంలో ఉన్న పార్టీ 8కి పడిపోయింది. జూన్‌లో సింహళాన్ని ఏకైక అధికార భాష చేసే చట్టం వచ్చింది. దానికి నిరసనగా కొలంబోలోని గాల్ ఫేస్ మైదానంలో సత్యాగ్రహానికి కూర్చున్న తమిళ నాయకులను గుంపులొచ్చి కొట్టాయి.

బండారనాయకే చెడ్డవాడని కొట్టిపారేస్తే ఈ కథ అర్థం కాదు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన మనిషి, క్రైస్తవ కుటుంబంలో పుట్టి బౌద్ధంలోకి వచ్చినవాడు, పరిస్థితి చెయ్యి దాటుతోందని త్వరగానే గ్రహించాడు. 1957 జూలైలో తమిళ నేత చెల్వనాయకంతో ఒప్పందం చేసుకుని తమిళానికి, ప్రాంతీయ మండళ్లకు కొంత చోటిచ్చాడు. వెంటనే ప్రతిపక్షంలో ఉన్న జయవర్ధనే దానికి వ్యతిరేకంగా కాండీ యాత్రకు బయల్దేరాడు. 1958 ఏప్రిల్‌లో భిక్షువులు ఇంటి ముందు బైఠాయిస్తే ప్రధాని ఆ ఒప్పందాన్ని రద్దు చేసేశాడు. తర్వాతి నెలలోనే దేశమంతా అల్లర్లు. 1959 సెప్టెంబర్‌లో ఒక భిక్షువే ఆయన్ని కాల్చి చంపాడు. తాను తెరిచిన వేలంపాటను ఆపే శక్తి ఆయనకే లేకపోయింది.

ఉద్యోగాల లెక్క కూడా దీనికి తోడైంది. ఉత్తరాన తమిళులుండే జాఫ్నాలో నదులు లేవు, సాగుకు నేల తక్కువ, మిషనరీ బడుల పుణ్యమా అని ఇంగ్లీషు చదువు వచ్చింది. అక్కడి మధ్యతరగతి ఇంటికి ప్రభుత్వ ఉద్యోగమే పంట. తెల్లవాళ్ల కాలంలో ఉద్యోగాల్లో తమిళుల వాటా జనాభా కన్నా ఎక్కువన్నది నిజం, సింహళ యువకులకు అది కంటగింపు అయిందన్నదీ నిజం. కానీ దాన్ని సరిచేసిన తీరు ఎలా ఉందంటే, తమిళ ఉద్యోగి సింహళం నేర్చుకోకపోతే ప్రమోషన్ లేదు, 1970ల మొదట్లో తమిళ విద్యార్థికి మెడికల్ సీటు రావాలంటే సింహళ విద్యార్థి కన్నా ఎక్కువ మార్కులు రావాలి. తండ్రుల తరం సత్యాగ్రహం చేసింది, కొడుకుల తరం తుపాకీ పట్టింది. 1956 చట్టం వచ్చేనాటికి, తర్వాత ఎల్‌టీటీఈని నడిపిన ప్రభాకరన్‌కి రెండేళ్లు నిండలేదు.

ఈ ప్రమాదాన్ని అప్పుడే చూసినవాళ్లూ ఉన్నారు. రెండు భాషలైతే ఒకే దేశం, ఒకే భాష అయితే రెండు దేశాలు అన్న అర్థంలో కొల్విన్ ఆర్. డిసిల్వా అనే వామపక్ష నాయకుడు ఆ రోజుల్లోనే హెచ్చరించాడు. అదే డిసిల్వా మంత్రిగా ఉండి 1972 రాజ్యాంగాన్ని రాయించాడు. అందులో సింహళమే అధికార భాష, బౌద్ధానికి అగ్రస్థానం. తెలిసినవాళ్లను కూడా వేలంపాట తనలోకి లాక్కోగలదు. చివరికి తమిళం కూడా అధికార భాషే అని రాజ్యాంగంలో రాసింది 1987లో, అంటే 31 ఏళ్ల తర్వాత, జాఫ్నా లైబ్రరీ తగలబడ్డాక, 1983 జూలైలో తమిళుల మీద మారణకాండ జరిగాక. అప్పటికి ఆ వాక్యాన్ని నమ్మేవాళ్లు ఎవరూ మిగల్లేదు. యుద్ధం 2009 మే దాకా సాగింది. 2016లో స్వాతంత్ర్య దినాన జాతీయ గీతాన్ని తమిళంలో కూడా పాడారు, 2020లో మళ్లీ ఆపేశారు. 2022లో ధరలు మండిపోయి అధ్యక్షుణ్ని దింపేసిన జనం మకాం వేసింది కూడా గాల్ ఫేస్‌లోనే. ఆ మే 18న యుద్ధంలో చనిపోయిన తమిళులను కూడా అక్కడ తలుచుకున్నారు. దక్షిణాన అలా బహిరంగంగా జరగడం చాలా పెద్ద విషయం.

పాకిస్తాన్ ఉదాహరణ ఇంకోలా ఉంటుంది, ఇండోనేషియాతో పోల్చడానికి ఇదే సరైనది. ఎందుకంటే ఉర్దూకి, మలయ్‌కి పైకి చాలా పోలిక ఉంది. పాకిస్తాన్‌లో ఉర్దూ మాతృభాషగా ఉన్నవాళ్లు అప్పట్లో నూటికి పదిమంది కూడా లేరు, ఏ రాష్ట్రానికీ అది సొంత భాష కాదు. కాబట్టి అందరికీ సమాన దూరంలో ఉన్న భాష అని వాదించవచ్చు, వాదించారు కూడా. మరి మలయ్ ఎందుకు నిలిచింది, ఉర్దూ ఎందుకు దేశాన్ని విడగొట్టింది?

మలయ్‌ను ఒప్పుకున్నది అధికారం రాకముందు, చేతిలో ఏమీ లేనప్పుడు, కిందనుంచి, అందరికన్నా పెద్ద వర్గం యువకులు కూడా కలిసి. ఉర్దూ పైనుంచి ఆజ్ఞలా వచ్చింది. 1948 మార్చి 21న ఢాకాలో జిన్నా, రాజ్యభాష ఉర్దూ మాత్రమే, వేరే ఏదీ కాదని చెప్పాడు. గుజరాతీ మాతృభాషగా పుట్టిన ఆయన ఆ మాట చెప్పింది ఇంగ్లీషులో. దేశ జనాభాలో సగానికి పైగా బెంగాలీలు. పంజాబ్‌లో, సింధ్‌లో బడుల ద్వారానో పట్టణాల ద్వారానో ఉర్దూ కొంత తెలుసు, తూర్పు బెంగాల్ (ఇప్పటి బంగ్లాదేశ్) పల్లెల్లో దాన్ని అర్థం చేసుకునేవాళ్లే లేరు. పైగా సైన్యం, పెద్ద అధికార పదవులు పశ్చిమం చేతిలో ఉండటంతో, ఉర్దూ అంటే పై అధికారి భాషగానే కనిపించింది.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. బెంగాలీలు బెంగాలీ మాత్రమే కావాలని అడగలేదు. ఉర్దూతోపాటు బెంగాలీ కూడా అన్నారు, అంతే. 1948 ఫిబ్రవరిలో ధీరేంద్రనాథ్ దత్తా రాజ్యాంగ సభలో అడిగింది ఇంకా చిన్నది: సభలో బెంగాలీలో కూడా మాట్లాడనివ్వండి. కాదన్నారు. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 1954 తూర్పు బెంగాల్ ఎన్నికల్లో, దేశాన్ని తెచ్చిన ముస్లిం లీగ్ తుడిచిపెట్టుకుపోయింది. 1956 రాజ్యాంగం రెండు భాషలనూ ఒప్పుకుంది. అంటే భాష డిమాండ్ నెగ్గింది, అయినా దేశం నిలవలేదు. ఆ ఏళ్లలో బెంగాలీలకు అర్థమైంది వేరే: జనపనార ఎగుమతుల డబ్బు ఎటు పోతోంది, అధికారులు ఎక్కడినుంచి వస్తున్నారు, 1958లో ఎవరినీ అడక్కుండా సైన్యం అధికారం ఎలా తీసుకుంది. 1970 ఎన్నికల్లో తూర్పున ఉన్న 162 సీట్లలో అవామీ లీగ్‌కి 160 వచ్చినా అధికారం ఇవ్వలేదు. 1971 మార్చి 25 రాత్రి సైన్యం దిగింది. రాజ్యాంగ సభలో ఆ చిన్న కోరిక కోరిన ధీరేంద్రనాథ్ దత్తాను కూడా ఆ రోజుల్లోనే, ఎనభై దాటిన వయసులో, పట్టుకెళ్లి చంపేశారు.

బర్మా జాతీయవాదంలో తెలుగువాళ్ల చెమట, రక్తం రెండూ ఉన్నాయి. రంగూన్ రేవులో మూటలు మోసింది గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల కూలీలు. కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కేవాళ్లు కాబట్టి అక్కడ వాళ్లకు కోరంగీలనే పేరు పడింది. 1930 మేలో వాళ్లు కూలి పెంచమని సమ్మె చేస్తే కంపెనీలు బర్మా కూలీలను పనిలో పెట్టుకున్నాయి, సమ్మె తీరాక ఆ బర్మావాళ్లను వెళ్లిపొమ్మన్నాయి. గొడవ మొదలై వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. ఆ అల్లర్ల వెంటనే పుట్టిందే దోబామా ఉద్యమం: బర్మా మా దేశం, బర్మీస్ మా భాష, బర్మీస్ మా లిపి అనే నినాదంతో. బర్మా స్వాతంత్ర్య పోరాట నాయకుడు ఆంగ్‌సాన్ అందులోంచే వచ్చాడు. లాభం కంపెనీది, దెబ్బలు మాత్రం ఇద్దరు పేదవాళ్ల మధ్య. 1947 ఫిబ్రవరిలో ఆంగ్‌సాన్ పాంగ్లాంగ్‌లో షాన్, కచిన్, చిన్ నాయకులతో ఒప్పందం చేసుకుని కొండ ప్రాంతాలకు స్వపరిపాలన మాట ఇచ్చాడు, అయిదు నెలలకే హత్యకు గురయ్యాడు. తర్వాత ఆ మాట నిలబెట్టినవాళ్లు లేరు. ఫెడరల్ చర్చ జరుగుతుండగానే 1962లో సైన్యం వచ్చింది, కొద్ది ఏళ్లలో వ్యాపారాలు జాతీయం చేసి లక్షల మంది భారతీయులను కట్టుబట్టలతో పంపేసింది. విశాఖలో బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాల వాడలు అప్పటివే.

భారతదేశం మాత్రం ఎలా తప్పించుకుంది? నాయకుల మంచితనం వల్ల అని అనుకోవడం మనకు అలవాటు, కానీ అది సగమే నిజం. దేశ విభజన చూసిన నెహ్రూ, పటేల్ భాషా రాష్ట్రాలంటే భయపడ్డారు, పట్టాభి సీతారామయ్య కూడా ఉన్న కమిటీయే 1949లో వాయిదా వేయమంది. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబర్ 19న మద్రాసులో నిరాహారదీక్షకు కూర్చుని డిసెంబర్ 15 రాత్రి చనిపోయాక, ఊళ్లు మండాక, నాలుగు రోజుల్లో ప్రకటన వచ్చింది. 1965లో తమిళనాడు హిందీకి వ్యతిరేకంగా లేచాక, ఇంగ్లీషు కొనసాగుతుందన్న హామీ 1967లో చట్టమైంది. అంటే ఢిల్లీ కూడా అడగ్గానే ఇవ్వలేదు. కానీ ఆలస్యంగా అయినా ఇచ్చింది, ఇచ్చాక వెనక్కి తీసుకోలేదు. అంతకుముందు ద్రవిడనాడు అన్న డీఎంకే 1967లో రాష్ట్రంలో గెలిచి, ఇదే దేశంలో అధికారం నడిపింది.

రెండో సగం లెక్కల్లో ఉంది. హిందీ మాట్లాడేవాళ్లు దేశంలో సగం లేరు, అందులోనూ భోజ్‌పురి, రాజస్థానీ లాంటివి కలిపి లెక్కేస్తేనే ఆ సంఖ్య. కాబట్టి ఢిల్లీలో సిలోన్ తరహా వేలంపాట పెట్టినా గెలవడం కష్టం. ఈ మాట అనుమానంగా ఉంటే అస్సాం వైపు చూడండి. అక్కడ లెక్క వేరు, ఒక భాషవాళ్లకు రాష్ట్రం మీద పట్టు ఉంది. 1960లో అస్సామీని అధికార భాష చేశారు, 1961 మే 19న సిల్చార్ రైల్వే స్టేషన్‌లో బెంగాలీ కోసం సత్యాగ్రహం చేస్తున్న 11 మంది కాల్పుల్లో చనిపోయారు. అదే దేశం, అదే రాజ్యాంగం. తేడా అల్లా ఎవరి చేతిలో ఎంత సంఖ్య ఉందన్నదే.

తెలంగాణ విషయానికొస్తే భాష ఒక్కటైనా సరిపోలేదు. 1955లో రాష్ట్రాల పునర్విభజన కమిషన్, హైదరాబాద్ రాష్ట్రాన్ని కొంతకాలం వేరుగా ఉంచి, 1961 ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతులు ఒప్పుకుంటేనే కలపమంది. ఆగకుండా 1956లోనే కలిపారు, హామీలు ఒక ఒప్పందంలో రాసుకున్నారు. ఉద్యోగాల్లో, నీళ్లలో ఆ హామీలు అమలు కాలేదని 1969లో రోడ్ల మీదకొచ్చారు, 2014 జూన్ 2న విడిపోయారు. యాసను వెక్కిరించడం కూడా ఆ కోపంలో చిన్న భాగమేమీ కాదు. జాఫ్నా గుమాస్తా, ఢాకా విద్యార్థి, వరంగల్ నిరుద్యోగి అడిగింది ఒకటే: ఈ ఆఫీసులో నాకు కుర్చీ ఉందా, నేను మాట్లాడితే వింటారా. భాషలు వేరైన చోట ఆ ప్రశ్న భాష పేరుతో వచ్చింది, ఒకటే అయిన చోట ప్రాంతం పేరుతో వచ్చింది.

భాష కోసం ప్రాణాలిచ్చి పుట్టిన దేశం ఈ విషయం అందరికన్నా బాగా అర్థం చేసుకుని ఉండాలి. బంగ్లాదేశ్ 1972లో రాజ్యాంగం రాసుకుంటున్నప్పుడు, పౌరులందరినీ బెంగాలీలని పిలవాలన్న ప్రతిపాదన వచ్చింది. చిట్టగాంగ్ కొండల నుంచి ఎన్నికైన మానవేంద్ర నారాయణ్ లార్మా లేచి, తాను చక్మానని, తన తాతముత్తాతలెవరూ బెంగాలీలు కారని, బంగ్లాదేశీ అంటే ఒప్పుకుంటానని చెప్పాడు. వినలేదు, ఆయన సభ నుంచి బయటికి వెళ్లిపోయాడు. కొండల్లో సాయుధ పోరాటం మొదలై, 1997 డిసెంబర్‌లో ఆయన తమ్ముడు ప్రభుత్వంతో ఒప్పందం మీద సంతకం పెట్టేదాకా సాగింది. 2011లో ఢాకా తన రాజ్యాంగాన్ని సవరించి, ఈ దేశ ప్రజలు జాతిగా బెంగాలీలు అన్న మాటను మళ్లీ చేర్చింది.